చర్చ: పెద్ద బ్యానర్ పేరు లేకుండా తెలుగులో ఇండీ (స్వతంత్ర) సినిమా నిలబడుతుందా?

క్లాప్_కొట్టు:
కృష్ణానగర్‌లో ఉంటూ అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్నాను. నా మొదటి సినిమా స్క్రిప్టు పూర్తయింది. ఈ మధ్య వచ్చిన చిన్న సినిమాలన్నీ వరసబెట్టి చూసి, అనిపించింది అనిపించినట్టు రాస్తున్నా.

2018లో కేరాఫ్ కంచరపాలెం చూసినప్పుడు ఇక మనకూ ఒక దారి పడింది అనుకున్నాను. ఆ ఊరి మనుషులే నటించారు. పెళ్లి కాని అటెండర్ రాజు నడక, మాట, నవ్వు ఏ యాక్టింగ్ స్కూల్లోనూ నేర్పేవి కావు. తర్వాత ఏమైంది? సినిమా బండి (2021) నాకు ఇష్టమే. ఆటోలో దొరికిన కెమెరాతో ఊరంతా కలిసి సినిమా తీయడం మంచి ఆలోచన. కానీ తీపి ఎక్కువైంది. 35 చిన్న కథ కాదు (2024)లో సున్నా గురించి పిల్లాడు అడిగే ప్రశ్న దగ్గర నేను కుర్చీలో ముందుకు వంగాను. ఆ తర్వాత ప్రతి సీన్‌కీ ఎక్కడ ఏడవాలో సంగీతమే చెప్పేసింది. లిటిల్ హార్ట్స్ (2025) బాగా నవ్వించింది, కానీ అది తక్కువ ఖర్చులో తీసిన కమర్షియల్ సినిమా.

నా బాధ ఒక్కటే. టైటిల్స్ ముందు 'ఫలానా వారి సమర్పణ' అని కార్డు పడిందంటే సినిమా ఎవరికో జవాబుదారీ అయిపోయినట్టే. ఆ కార్డు కోసమే సినిమాలు తీస్తున్నారు. తమిళంలో కూళంగల్ చూడండి. ఎండ, నడక, తాగుబోతు తండ్రి, మాట్లాడని కొడుకు, అంతే. 2021లో రాటర్‌డ్యామ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టైగర్ అవార్డు వచ్చింది. అలాంటిది మనకెందుకు రాదు?

గాజువాక_గాలి:
మీరు పొగిడిన కంచరపాలేనికీ సమర్పణ ఉంది కదా సార్? రానా పేరు లేకపోతే మా వైజాగ్‌లోనే నాలుగు రోజులు ఆడేది కాదు.

క్లాప్_కొట్టు:
సినిమా పూర్తయ్యాక వచ్చింది ఆ పేరు. తీసేటప్పుడు డబ్బు పెట్టింది ప్రవీణ పరుచూరి గారు. అమెరికాలో గుండె డాక్టర్. కథ మార్చమని ఎవరూ అడగలేదు. తేడా అక్కడే ఉంది.

గాజువాక_గాలి:
ముందు వస్తే తప్పు, తర్వాత వస్తే ఒప్పా? టికెట్ కొన్నవాడికి కనిపించేది ఆ కార్డే కదా. పోస్టర్ మీద ఆ పేరు చూసే మా అమ్మ కూడా వచ్చింది.

ఓబులేసు_ఓటీటీ:
ఏదైనా మూడు వారాలు ఆగితే ఫోన్‌లో వస్తుంది.

డాలస్_రామం:
కూళంగల్‌కి నిర్మాతలు విఘ్నేష్ శివన్, నయనతార అండీ. ఇంకో తమిళ సినిమా కొట్టుక్కాళికి శివకార్తికేయన్. కన్నడ సినిమా శివమ్మ 2022లో బుసాన్ ఫెస్టివల్‌లో న్యూ కరెంట్స్ అవార్డు తెచ్చుకుంది, దానికి నిర్మాత రిషబ్ శెట్టి. స్టార్ పేరు ఉంటే స్వతంత్రం పోతుందంటే మీ ఉదాహరణే మొదట పోతుంది. ఇంకో మాట. కాన్‌లో గ్రాండ్ ప్రీ గెలిచిన ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్‌ను 2024లో మన దేశంలో విడుదల చేసింది రానా కంపెనీ స్పిరిట్ మీడియానే. సండాన్స్‌లో గెలిచిన మరాఠీ సినిమా సబర్ బొండను 2025లో విడుదల చేసిందీ వాళ్లే. తలుపు తీసేవాళ్ల మీద కోపం దేనికి?

క్లాప్_కొట్టు:
నా ప్రశ్న అది కాదు. రీమా దాస్ అస్సాంలో తన సొంత ఊళ్లో విలేజ్ రాక్‌స్టార్స్ తీశారు. కథ, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ ఆమే. యూనిట్ లేదు, లైట్లు లేవు. ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు, తర్వాత మన దేశం తరఫున ఆస్కార్‌కి. ఆ ధైర్యం మనవాళ్లలో ఎవరికుంది? మనవాళ్లకి మొదటి సినిమా అంటే రెండో సినిమాకి హీరో డేట్లు ఇప్పించే విజిటింగ్ కార్డు.

బూమ్_రాణి:
ఆ సినిమాకి సౌండ్ ఎవరు చేశారో తెలుసా?

గాజువాక_గాలి:
డాలస్ గారు చెప్పింది కరెక్ట్. కార్డు ముందా తర్వాతా అన్న లెక్క ఇంక వదిలేయండి సార్.

క్లాప్_కొట్టు:
వదలను. అసలు విషయం అదే. షూటింగ్‌కి ముందు పెద్ద చేయి పడితే స్క్రిప్టులో మొదట పోయేది యాస. తర్వాత కులం. తర్వాత చివరి సీన్. ఇది ఊహించి రాయడం లేదు. నేను పనిచేసిన ఒక సినిమాలో హీరోయిన్ తండ్రి చేసే వృత్తిని షూటింగ్ మధ్యలో మార్చారు, అభ్యంతరాలు వస్తాయని. డైలాగ్ పేపర్ మీద కొట్టేసి కొత్తది రాసింది నేనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత_రీలు:
బాబూ, స్వతంత్ర సినిమా మనకి కంచరపాలెంతో మొదలవలేదు. గౌతమ్ ఘోష్ మా భూమి తీశారు, దాని వెనక బి.నర్సింగరావు గారున్నారు. ఆయనే 1988లో దాసి తీశారు. అర్చనకి ఉత్తమ నటి, తోట వైకుంఠం గారికి కళా దర్శకత్వం, కెమెరాకి, దుస్తులకి కూడా జాతీయ అవార్డులొచ్చాయి. 2004లో ఇంద్రగంటి మోహనకృష్ణ చలం దోషగుణం కథతో గ్రహణం తీసి తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. రజనీష్ దోమలపల్లి వనజకి 2007 బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం అవార్డు వచ్చింది. వీటిలో ఎన్ని చూశారు మీరు?

క్లాప్_కొట్టు:
దాసి, గ్రహణం చూశాను సార్. వనజ పూర్తిగా చూడలేదు. ఇవన్నీ ఒక్కొక్కటిగా వచ్చి ఆగిపోయాయి, ఒకదాని వెనక ఒకటి రాలేదు. కేరళలో ప్రభుత్వమే సీస్పేస్ అని సొంత ఓటీటీ పెట్టింది. మనకి రవీంద్రభారతి పైడి జైరాజ్ థియేటర్‌లో శనివారాల్లో చిన్న సినిమాలు వేసే సినివారం ఉంది, షార్ట్ ఫిల్మ్ వేసుకోవచ్చు. అదయ్యాక ఎక్కడికి వెళ్లాలి?

బూమ్_రాణి:
మళ్లీ అడుగుతున్నాను. విలేజ్ రాక్‌స్టార్స్‌కి సౌండ్ ఎవరు?

క్లాప్_కొట్టు:
మేడమ్, ఇక్కడ మాట్లాడుతున్నది నిర్మాణం గురించి. సౌండ్ గురించి వేరే చర్చ పెట్టండి, అక్కడ తప్పకుండా మాట్లాడతాను.

బూమ్_రాణి:
అయితే నేనే చెబుతాను. మల్లికా దాస్. అదే ఏడాది లొకేషన్ సౌండ్‌కి ఆమెకీ జాతీయ అవార్డు వచ్చింది. 'అన్నీ ఆమే' అని మీరు రాశారు. అన్నీ ఆమే కాదు. పక్కన మైక్ పట్టుకుని ఇంకో అమ్మాయి నిలబడింది.

సౌండ్ వేరే చర్చ కాదు, ఇక్కడిదే. మీరు పొగుడుతున్నవి ఎక్కువగా కొత్త మనుషులతో తీసిన సినిమాలు. కూరగాయలమ్మే ఆవిడ కెమెరా ముందు మొదటిసారి మాట్లాడింది. ఆమెను డబ్బింగ్ థియేటర్‌కి తీసుకొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టి 'పెదాలు చూసుకుంటూ అదే మాట మళ్లీ చెప్పండి' అంటే చెప్పలేదు. గొంతులో ప్రాణం ఉండదు. అక్కడ దొరికింది అక్కడే దొరకాలి. అందుకని షూటింగ్‌కి ముందు వీధంతా తిరిగి ఫ్యాన్లు, మోటార్లు ఆపమని బతిమాలాలి. నూలు చీరలో ల్యాపెల్ మైక్ (బట్టలకి తగిలించే చిన్న మైక్) పెడితే కొంగు సర్దుకున్నప్పుడల్లా గరగరమంటుంది, అది తగలకుండా టేపుతో అతికించాలి. సీన్ అయిపోయి అందరూ టీకి పరిగెత్తుతుంటే 'ఒక్క నిమిషం కదలకండి' అని అరిచి ఖాళీ గది సౌండ్ తీసుకోవాలి, లేకపోతే ఎడిటింగ్‌లో ఒక్క కట్టూ అతకదు. మీరు మెచ్చుకున్న 'సహజ నటన'లో సగం ఈ పనే.

డాలస్_రామం:
చాలా బాగా చెప్పారు మేడమ్. ఇది తెలియదు నాకు.

క్లాప్_కొట్టు:
కాదని ఎవరన్నారు? టెక్నీషియన్స్ అంటే నాకు గౌరవమే.

బూమ్_రాణి:
గౌరవమా? 'అవకాశాలు' విభాగంలో పోయిన నెల మీరు పెట్టింది ఇక్కడ అతికిస్తున్నాను, అందరూ చూడండి.

'సౌండ్ రికార్డిస్ట్ కావాలి. సొంత కిట్ ఉండాలి. పారితోషికం లేదు. భోజనం, వసతి మాది. టైటిల్స్‌లో పేరు వేస్తాం. సినిమా మీద ప్రేమ ఉన్నవాళ్లే సంప్రదించండి.'

గాజువాక_గాలి:
అమ్మో.

క్లాప్_కొట్టు:
ఇందులో దాచింది ఏముంది? ఉన్నదున్నట్టు రాశాను. వచ్చేవాళ్లు వస్తారు, లేనివాళ్లు రారు. నేనెవర్నీ మోసం చేయలేదే. నా జీతంలో మిగిల్చింది, మా నాన్న ఊళ్లో అమ్మిన కొట్టు డబ్బు కలిపి 22 లక్షలు. కెమెరా అద్దె, ప్రయాణాలు, తిండి, డీఐ (రంగులు సరిచేసే పని), సౌండ్ మిక్సింగ్ పోతే చేతిలో ఏమీ మిగలదు. నాకూ జీతం లేదు. మీకు తెలుసు కదా, సినీ కార్మికుల ఫెడరేషన్ రేట్లు ఇస్తే ఈ సినిమా మొదటి వారంలోనే ఆగిపోతుంది. మీరు కోరేది అదేనా?

బూమ్_రాణి:
నీకు జీతం లేదు, కానీ సినిమా నీది. ఆడితే రెండో సినిమా నీకొస్తుంది. ఆడకపోయినా 'దర్శకుడు' అన్న పేరు నీది. నాకు ఏమొస్తుంది? నా కిట్ నేను అప్పు చేసి కొన్నాను. గోదావరి జిల్లాలో ఒక చిన్న సినిమాకి ఇలాగే ప్రేమతో వెళ్లాను. వానలో రికార్డర్ తడిసింది. రిపేరు నా డబ్బుతోనే. సినిమా ఓటీటీకి అమ్ముడైంది, దర్శకుడు ఇంటర్వ్యూల్లో 'స్నేహితులంతా ఉచితంగా చేశారు' అని గర్వంగా చెప్పాడు. టైటిల్స్ చూస్తే నా పేరు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సమర్పణ కార్డు పడితే స్వతంత్రం పోతుందని అంత పొడుగు రాశావే, ఆ స్వతంత్రానికి ఖర్చు ఎవరు పెడుతున్నారో ఒక్క ముక్క రాశావా? పెద్ద బ్యానర్‌లో పనిచేస్తే కనీసం బేటా (రోజువారీ భత్యం) చేతికొస్తుంది.

ఓబులేసు_ఓటీటీ:
అక్క చెప్పింది నిజం. మా తమ్ముడు ఎడిటర్, ఇదే కథ.

మోడరేటర్:
వాడు వీడు అనుకోకుండా రాయండి. ఇక మీదట వ్యక్తిగత దూషణ ఉంటే పోస్టు తీసేస్తాం.

పాత_రీలు:
2025 ఆగస్టులో ఫెడరేషన్ సమ్మె జరిగింది. 30 శాతం పెంచమన్నారు, చివరికి మూడేళ్లలో 22.5 శాతానికి ఒప్పుకున్నారు. అప్పుడు చిన్న నిర్మాతలు కూడా ఈ బాబు అన్న మాటే అన్నారు, మేం చచ్చిపోతామని. రెండు వైపులా ఆకలి ఉంది. ఇంతకంటే చెప్పలేను.

క్లాప్_కొట్టు:
మేడమ్‌కి జరిగింది అన్యాయమే. ఆ దర్శకుడు చేసిన పనికి నన్ను బోను ఎక్కించడం మాత్రం న్యాయం కాదు. ఒకటి అడుగుతాను. సాఫ్ట్‌వేర్ డబ్బో, అమెరికా డబ్బో, ఇంటి ఆస్తో లేనివాడు తెలుగులో ఇండీ తీయకూడదా? అందరికీ పూర్తి జీతం ఇవ్వగలిగినవాడే తీయాలంటే మళ్లీ డబ్బున్నవాళ్ల కథలే వస్తాయి. మా నాన్న కథ ఎవరు తీస్తారు?

బూమ్_రాణి:
మీ నాన్న కథ తీయండి, నేనూ చూస్తాను. కానీ మా నాన్న కూడా రోజు కూలీయే. ఆయన కూతురు ఉచితంగా పనిచేస్తే తప్ప మీ నాన్న కథ రాదంటే నేనొప్పుకోను. పూర్తి జీతం అడగడం లేదు. కిట్ అద్దె రోజుకి రోజు ఇవ్వండి, మార్కెట్ రేటులో సగమైనా సరే. బేటా సాయంత్రం ప్యాకప్ చెప్పేలోపు చేతిలో పెట్టండి. పరికరం పాడైతే బాగుచేయించే బాధ్యత మీది. సినిమా అమ్ముడైతే మిగతా డబ్బు ఎంత, ఎప్పుడు ఇస్తారు అన్నది కాగితం మీద రాసి సంతకం పెట్టండి. నాకే కాదు, కెమెరా అసిస్టెంట్‌కీ, మేకప్ అమ్మాయికీ అదే కాగితం.

డాలస్_రామం:
ఇది చాలా సబబుగా ఉంది. అప్పు రాసుకున్నట్టే కదా.

క్లాప్_కొట్టు:
కిట్ అద్దె, బేటా, రిపేరు సరే. ఇందుకోసం షూటింగ్ రోజులు తగ్గించుకుంటాను, ఊరి జాతర సీన్ తీసేస్తాను. కాగితం మాత్రం పెట్టలేను. రేపు ఓటీటీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంతమందికి వాటా రాసి ఉందంటే కొనడానికే వెనకాడతారు. నా నోటి మాట మీద నమ్మకం ఉంచాలి.

బూమ్_రాణి:
నోటి మాట నమ్మే ఆ సినిమాకి వెళ్లాను. వాటా అడగలేదు, బాకీ అడిగాను. ఓటీటీ వాళ్లకి దాంతో పనిలేదు, అది మీకూ నాకూ మధ్య లెక్క.

క్లాప్_కొట్టు:
ఒక సినిమా పుట్టకముందే నెత్తిన బాకీలు పెట్టుకుని నేను దర్శకత్వం చేయలేను.

బూమ్_రాణి:
అయితే నేను రాను.

గాజువాక_గాలి:
సార్, జాతర సీన్ తీసేస్తారా? స్క్రిప్టు ముక్క ఇక్కడ పెట్టినప్పుడు అందరం మెచ్చుకుంది దాన్నే.

క్లాప్_కొట్టు:
తీసేయాల్సిందే. బేటాలు దానిలోంచే రావాలి.

డాలస్_రామం:
జాతర ఖర్చు ఎంతవుతుందో నాకు మెసేజ్ పెట్టండి. సమర్పణ కార్డు వద్దు నాకు. కానీ ఆవిడ అడిగిన కాగితం రాస్తేనే ఇస్తాను.