ఎఫ్1, ఎఫ్2 అని కాలమ్‌లున్న పాత డేటాబేస్‌తో తిప్పలు

చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నా. తోతాపురి కొనుగోళ్ల లెక్కలన్నీ పాత మైఎస్‌క్యూఎల్‌లో ఉన్నాయి, రాసినాయన ఎప్పుడో మానేశాడు, కాగితం ముక్క కూడా వదల్లేదు. కాలమ్‌ల పేర్లు ఎఫ్1, ఎఫ్2, అమౌంట్‌న్యూ, అమౌంట్‌న్యూ2. రైతుల పేర్లున్న చోట పిచ్చి అక్షరాలు. మండలాలవారీగా శుభ్రమైన టేబుల్ కావాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: పేర్లను నమ్మొద్దు బ్రో, విలువల్ని చూడు. డేటాబేస్ తన టేబుళ్ల వివరాలు దాచుకునే ఇన్ఫర్మేషన్ స్కీమాలోంచి టేబుళ్లు, కాలమ్‌ల జాబితా తీసి, ఒక్కో కాలమ్‌లో ఖాళీలెన్ని, వేర్వేరు విలువలెన్ని లెక్కపెట్టు. తర్వాత ఆఫీసులో పాత కాటా చీటీలు ఓ పది వెతికి పట్టుకో, చీటీలో ఉన్న బరువు ఏ కాలమ్‌లో కనబడుతుందో చూస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

జవాబు 2: ఆ పిచ్చి అక్షరాలు బహుశా పాతకాలం తెలుగు ఫాంట్లయిన అను ఫాంట్లలో కొట్టినవి, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. అసలు కాలమ్‌ను మాత్రం చెరపకు. ఇంకోటి, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా, పాత రికార్డుల్లో శ్రీకాళహస్తి కూడా చిత్తూరు జిల్లాలోనే ఉంటుంది. జిల్లా కాలమ్‌ను వదిలేసి మండలం పట్టుకో.

జవాబు 3: ఏఐతో జేసన్ (డేటాను పేరు-విలువ జతలుగా రాసే పద్ధతి) తీయించుకోవచ్చు, కానీ కాలమ్ అర్థం ఊహించడం వరకే. అంకెలు దాని చేత రాయించావో, లేని రైతుల్ని కూడా పుట్టిస్తుంది. మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే నికర బరువు రావాలి, రాని వరుసలు పక్కన పెట్టు.

అడిగినవారు: చీటీలు దొరికాయన్నా! ఎఫ్7 అంటే తరుగు అంట. అమౌంట్‌న్యూ2 ఏందో ఇంకా తెలీలేదు.