మిర్చి చేన్ల టూరిస్టులా? పెట్టాల్నా, వద్దా?

పాకాల కాల్వ:
మాది నర్సంపేట దగ్గర, పాకాల పోయే తొవ్వల 4 ఎకరాలు. 2 ఎకరాలు చపాట మిర్చి, ఎకరం వరి, మిగిలింది మామిడి. 2021ల రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినంక శని, ఆదివారాలు మా రోడ్డు మీద కార్లు పెరిగినయ్. మా అల్లుడు హైదరాబాద్‌ల ఉంటడు. "మామా, చేను చూపిద్దాం, నాటుకోడి పెడదాం, తలకు 600" అంటున్నడు. తమ్ముడేమో "ఎవుసం జేసుకోక ఈ తమాషా ఎందుకు" అంటున్నడు. మీరేమంటరు?

హన్మకొండోడు:
పెట్టు అన్నా. మహారాష్ట్రల 2020లనే అగ్రి టూరిజం పాలసీ తెచ్చిండ్రు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల నీ మిర్చికి రేటు ఎవడో చెప్తడు. ఇక్కడ రేటు చెప్పేది నువ్వే. చపాటకు జీఐ గుర్తింపు, అంటే ఈ జాగ పంటేనని సర్కారు ముద్ర, గూడ వచ్చింది. టమాటలెక్క ఉండే మిరపకాయను పట్నపోల్లు ఎన్నడు చూసిండ్రు?

కల్లంకాడ:
అన్నా, నేను రెండు చలికాలాలు నడిపిన. మొదటి బ్యాచ్ 14 మంది. దిగంగనే "బాత్రూం ఎక్కడ?" అన్నరు. చేను గురించి అడిగేసరికి పగటాలయింది. మా అమ్మ, మా ఇంటామె తెల్లారగట్ల 4 గంటలకు పొయ్యి ముట్టిచ్చిండ్రు. సర్వపిండి అంటే బియ్యప్పిండి రొట్టె, ఒక్కటొక్కటే గిన్నెకు ఒత్తి, వేలుతోని చిల్లులు పెట్టి, నూనె పోసి మూత పెట్టాలె. 14వది దిగేసరికి మొదటిది సల్లారి తోలయింది. నెలాఖరుకు లెక్క చూస్తే లాభమే కనబడ్డది. ఇంట్ల ఇద్దరి కూలి మాత్రం రాయలే. రాస్తే మిగిలింది సున్న. బంద్ పెట్టిన.

మందుల షాపోడు:
చపాట కారం తక్కువే, పిల్లలు ముట్టినా అంత మండది. నా భయం మందుల గురించి. 2021ల నల్ల తామర పురుగు దిగినకాడి నుంచి మిర్చికి ఎన్నిసార్లు కొడుతున్నమో మీకెరికే. శుక్రవారం కొట్టి శనివారం పిల్లలను సాళ్లల్లకు తోలుతరా? ఇంకోటి, గట్టు లేని బాయి, తేలిన మోటరు వైరు మనకు అలవాటైనయ్. వచ్చేటోనికి కావు.

హన్మకొండోడు:
కొట్టిన రోజు గేటు ముయ్యొచ్చు గదా. భయపడితే ఏ పనీ కాదు.

కౌలు రైతును:
మీరు మాట్లాడేది సొంత భూమి ఉన్నోళ్ల ముచ్చట. నేను దున్నే చేను పట్టాదారు పట్నంల ఉంటడు. మూలకు మూడు గదులు కట్టి "రైతు జీవితం" అని బోర్డు పెట్టిండు. సెలవు రోజు నన్ను పిలిచి ఫొటోలకు నాగలి పట్టుమంటడు. మా ఇంట్ల ఎడ్లు లేక పదేండ్లయింది, దున్నేది ట్రాక్టరే. కిరాయి ఆయనకు, ఫొటో నాది.

కల్లంకాడ:
గదుల మాటొచ్చింది కాబట్టి, పాకాల అన్నా, కట్టేముందు అడిగి తెల్సుకో. కట్టిన జాగ మేరకు భూమిని వ్యవసాయేతరం కింద మార్పించుకోవాలె. ఆ గుంటలకు రైతు భరోసా రాదు. పంట మీద ఇన్‌కంటాక్స్ లేదు గని, బస, భోజనం మీద వచ్చేది పంట ఆదాయం కాదు. కల్లు పోస్తనని గూడ ఒప్పుకోకు, దానికి ఎక్సైజోళ్ల లైసెన్సు కావాలె.

పాకాల కాల్వ:
అందరివీ చదివిన. గదులు కట్ట. మిర్చిలకు ఎవ్వరినీ తోల, కల్లంల ఆరబోసింది చూపిస్త. మామిడి కింద నీడకు కూసుంటరు, చలికాలం పూత తప్ప కాయ ఉండదనుకో. బాయికి ముందు గట్టు కట్టిస్త.

నిన్న రాత్రి మా ఇంటామెను అడిగిన. "600ల 200 ముందుగాల నా చేతుల పెట్టాలె, ఎనిమిది మందికి మించి రావొద్దు. అట్లయితెనే పొయ్యి ముట్టిస్త" అన్నది. అల్లునికి ఫోన్ జేసి చెప్పిన. "మామా, మళ్ల మాట్లాడత" అని పెట్టేసిండు. పొద్దటి నుంచి ఎత్తుతలేడు.