అప్‌డేట్: సెతూబల్‌లో ఇల్లు తీసుకున్నాం

ఆరు నెలల క్రితం అడిగాను కదా, విజయవాడ నుంచి పోర్చుగల్ వెళ్తున్నాం, సముద్రం పక్కన మాకు అందుబాటు అద్దెలో ఏ ఊరు మంచిదని. లిస్బన్ దగ్గరి కష్కైష్ ఊళ్లో అద్దెలు మా వల్ల కాలేదు. సెతూబల్ చూడమన్నవాళ్లందరికీ దండం పెడుతున్నాను.

లిస్బన్‌కు సుమారు 50 కిలోమీటర్లు, నేరుగా రైలుంది. లివ్రమెంతు మార్కెట్లో చేపలు చూసి మా ఆవిడ కదల్లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఇల్లు చలికాలంలోనే చూడండి, అక్కడ వానలు అప్పుడే. మొదటి ఇంటి బాల్కనీలోంచి సాదో నది కనిపిస్తుంటే సరే అనబోయాం. సత్యనారాయణపురం నుంచి వీడియో కాల్లో అమ్మ, "ముందు ఆ బీరువా జరిపి చూడరా" అంది. జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు, వేలు పెడితే తడి. వదిలేశాం. చివరికి దక్షిణం వైపు ఇల్లు తీసుకున్నాం. మనవాళ్లు దక్షిణం వద్దంటారు గానీ, అక్కడ చలికాలం ఎండ అటునుంచే వస్తుంది. ఒప్పందం పన్నుల శాఖలో నమోదు చేయిస్తామని ఓనరు ఒప్పుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చాం.

అమ్మ వీసా పని మీద ఇప్పుడు బెజవాడలోనే ఉన్నాను. ఏమైనా అడగాలంటే అడగండి.