మీరు ఎక్కువసార్లు చూసిన సినిమా ఏది? (గొప్ప సినిమా ఏది అని అడగట్లేదు)

సోఫా_చివర:
మా ఇంట్లో రాత్రి అన్నాలు అయ్యాక తొమ్మిదిన్నరకి టీవీ ముందు కూర్చుంటాం. మూడు ఓటీటీలకి డబ్బులు కడుతున్నా. రిమోట్ పట్టుకుని పైకీ కిందకీ ముప్పావుగంట తిప్పి, నాలుగు ట్రైలర్లు చూసి, ఇది బావుందంట రేపు చూద్దాంలే అనుకుని, తీరా పెట్టేది మాత్రం నువ్వు నాకు నచ్చావ్. 2001 లో వచ్చిన సినిమా అది, ఇంకా డైరెక్టర్ అవ్వకముందు త్రివిక్రమ్ మాటలు రాసింది. ఏ డైలాగ్ తర్వాత ఏది వస్తుందో నాకే కాదు మా పక్కింటి వాళ్లక్కూడా తెలిసిపోయుంటుంది ఈపాటికి. నిన్న మా ఆవిడ విసిగిపోయి "ఆ ప్రకాష్‌రాజ్ ఇంట్లో మనకీ ఒక గది ఇప్పించమను, అక్కడే ఉండిపోదాం" అంది.

సరే మీ సంగతి చెప్పండి. గొప్ప సినిమాల లిస్టు వద్దు, అవి పేపర్లో ఏటా వేస్తారు. నిజంగా మీ ఇంట్లో ఎక్కువసార్లు నడిచిన సినిమా ఏది, అందులో ఏ సీను దగ్గర వచ్చి కూర్చుంటారు, అది చెప్పండి చాలు.

ఓరుగల్లు_పోరడు:
అన్నా మా ఇంట్ల గూడ గిదే లొల్లి. మాది అతడు. 2005ల వచ్చినప్పుడు హనుమకొండల థియేటర్ల జూసిన, బానే ఉన్నదనిపించింది గని ఇన్నిసార్లు జూస్తనని అయితే అస్సలు అనుకోలే. గా తర్వాత ఆదివారం పగటీలి టీవీల వచ్చుడు షురువైంది సూడు, ఇగ ఆగలే. మా అమ్మ కుక్కర్ల మటన్ పెట్టి విజిల్ లెక్కవెట్టుకుంట కూసునేది, ఐదో విజిల్ వచ్చేసరికి మహేష్ బాబు సచ్చిపోయిన పార్థు పేరు జెప్పుకొని వాళ్లింట్లకు దిగేటోడు. టైమింగ్ తప్పకపోవు.

నిజం జెప్పాల్నంటే నేను మొదలు ఎన్నడు సక్కగ జూడలే, ఆఖరుకు చర్చిల ఫైటింగ్ గూడ సగంల లేసి పోత. నాకు గావాల్సింది మధ్యల ముక్క. గా ఇల్లు, గా పొలం కాడ కొట్లాట, తనికెళ్ల భరణి దాన్ని ఇంకోనికి కథ లెక్క చెప్పుడు, నాజర్ మీసాలు. ఇంకోటి, యాడ్స్ లేకుంట నాకు గా సినిమా ఎక్కది. ఫోన్ల ఒకసారి యాడ్స్ లేకుంట వెట్టుకొని జూసిన, అన్నం పెట్టుకునేందుకు ఎప్పుడు లేవాల్నో తెల్వలే.

కొత్తదే_చూస్తా:
చూసిందే చూడటం ఏంటండీ బాబూ. జీవితం చిన్నది, ఏటా వందల సినిమాలొస్తున్నాయి, మలయాళంలో ఎన్ని మంచివి వస్తున్నాయి. కొత్తది చూసే ఓపిక లేనోళ్లు చెప్పే కబుర్లు ఇవన్నీ.

సీమ_మిరప:
పైనున్న నాయనా, నీ ఈ కామెంటు నేను యాడ చూసినా ఇదే మాదిరి ఉంటాది, అయినా మళ్లీ మొదట్నుంచి చదివితిని కదా. దాన్నేమంటారు మరి?

రీలుడబ్బా:
సోఫా_చివర గారు, కాస్త పెద్ద మేటర్ అవుతుంది ఓపిగ్గా చదవండి. మాది గుడివాడ దగ్గర ఊరు, మా నాన్న సినిమా హాల్లో ఆపరేటర్. ఎనభైల్లో మాట. మా దగ్గరకి కొత్త సినిమా లేటుగా వచ్చేది, మధ్యలో వారం ఖాళీ వస్తే హాలు ఓనరు పాత ప్రింటు తెప్పించేవాడు, పాత ప్రింటు అంటే పదింట ఆరుసార్లు మాయాబజారే. 1957 సినిమా, అప్పటికే పాతికేళ్లు దాటింది, అయినా ఎద్దుబండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, నేల టికెట్టు ముందు అయిపోయేది.

క్యాబిన్‌లో రెండు మెషిన్లు ఉండేవి. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పై మూల చిన్న చుక్క పడుతుంది, మీరెప్పుడూ గమనించి ఉండరు. చుక్క మొదటిసారి పడగానే రెండో మెషిన్ మోటార్ వెయ్యాలి, ఏడెనిమిది సెకన్లకి మళ్లీ పడుతుంది, అప్పుడు దీన్ని మూసి దాన్ని తెరవాలి. ఆలస్యమైతే తెర తెల్లగా అయిపోయి కింద్నుంచి ఈలలూ బూతులూ. నాన్న మెషిన్‌లో వెలుతురిచ్చే కార్బన్ కడ్డీలు సరిచేసుకుంటూ ఉంటే ఆ చుక్క చూసి కేకెయ్యడం నా పని. గోడకి జానెడు కన్నం, స్టూలు మీద నేను. కళ్లార్పితే తిట్లు.

అంచేత నేను మొదటి పది పన్నెండు సార్లు చూసింది మాయాబజార్ కాదండీ, మాయాబజార్ కుడివైపు పై మూల. ఏ చెట్టు కొమ్మ ఆ మూలకి వస్తుందో, ఏ స్తంభం వస్తుందో చెప్పమంటే ఇప్పటికీ చెప్తాను. ఎస్వీ రంగారావు గద, కిరీటం అంచు, అంతే. ఇంటర్ చదివేటప్పుడు బెజవాడలో టికెట్టు కొనుక్కుని కుర్చీలో కూర్చుని చూశాను మొదటిసారి. పెళ్లి పీటల మీద సావిత్రి, లోపల ఉన్నది ఘటోత్కచుడు కదా, లక్ష్మణకుమారుడి కాలు తొక్కేసి ఏమీ ఎరగనట్టు తలొంచుకుంటుంది చూడండి, రేలంగి కెవ్వుమంటాడు, హాలంతా నవ్వుతోంది, నేను నోరు తెరుచుకుని చూస్తున్నా. ఇది ఇన్నాళ్లూ కిందనే జరుగుతోందా అని. ఆ భుజం తిప్పడం, ఆ కనుబొమ్మ ఎగరెయ్యడం అచ్చం రంగారావుగారివే, ఆవిడ ఎప్పుడు పట్టేశారో. అప్పట్నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసినప్పుడల్లా ఒక్కో మూల చూస్తుంటా.

ఫోన్లో చూసినా కన్ను మాత్రం కుడివైపు పైకి పోతూనే ఉంటుంది. అది పోదు ఇంక.

డల్లాస్_అమ్మాజీ:
రీలుడబ్బా గారూ మీది చదివి నేను మా ఆయన్ని నిద్రలేపి మరీ చదివించాను. మాదీ మాయాబజారే కానీ మా ఇంట్లో రెండు పార్టీలు, 2010 లో రంగులద్ది రిలీజ్ చేశారు కదా, మా అమ్మాయికి ఆ రంగుల ప్రింటు కావాలి, ఇండియా నుంచి వచ్చినప్పుడు మా అత్తయ్యగారికేమో నలుపు తెలుపే కావాలి. రంగులేస్తే మార్కస్ బార్ట్లీ వెన్నెల పోయింది అంటారావిడ, ఆయనే కదా దానికి కెమెరామన్. లాహిరి పాటలో పడవ మీద వెన్నెల చూపించి "దీనికి రంగెందుకమ్మా" అని నిలదీస్తారు. ఆ ఒక్క పాట వరకు నేను ఆవిడ పార్టీ.

అసలు చెప్పొచ్చింది వేరే. మా పాపకి తొమ్మిదేళ్లు, తెలుగు అంతంతమాత్రం, అసమదీయులు తసమదీయులు మాత్రం స్కూల్లో కూడా వాడేస్తుంది, తన ఫ్రెండ్స్‌లో ఎవరు ఏ గ్రూపో అలాగే చెప్తుంది నాకు. నాలుగోసారో ఐదోసారో చూస్తూ ఉన్నట్టుండి "అమ్మా, అభిమన్యుడి డాడీ ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. వస్తాడులే చూడు అన్నా. రాలేదు. అర్జునుడే కాదు, ధర్మరాజు లేడు, భీముడు లేడు, మొత్తం సినిమాలో పాండవులు ఒక్కళ్లూ కనపడరు! ఊరికే వాళ్ల గురించి మాట్లాడుకుంటారంతే. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా నాకు ఎప్పుడూ తట్టలేదు, డైరెక్టర్ కె.వి. రెడ్డి గారు, మాటలు రాసిన పింగళి గారు ఎంత హాయిగా దాటించేశారో. మహాభారతం కథ, పాండవులు లేకుండా మూడు గంటలు! అత్తయ్యగారికి ఫోన్ చేసి చెప్తే "నీకు ఇప్పుడా తెలిసింది" అన్నారు కానీ ఆవిడక్కూడా తెలీదనే నా డౌటు, గొంతులో తేడా వచ్చింది.

సీమ_మిరప:
మీరంతా మాయాబజార్ అంటున్నారు కాబట్టి ఆడ్నించే వస్తా. అహ నా పెళ్లంట. పేరు ఆ సావిత్రి పాటలోంచే తీసుకున్నారు కదా, జంధ్యాల సినిమా, 1987. మా ఇంట్లో దాని క్యాసెట్టు ఉండె, ఎవురో టీవీలోంచి రికార్డు చేసి ఇచ్చింది, మధ్యలో వార్తలు ఐదు నిమిషాలు అట్లే పడిపోయి ఉండె, ఆ వార్తలు కూడా మాకు కంఠతా వచ్చు.

మా తాత వడ్డీలకిచ్చే మనిషి. పిసినారి అంటే తప్పు, లెక్క మనిషి అనాల. అగ్గిపుల్ల రెండుగా చీల్చేటోడు. ఇప్పుడు ఆ సినిమాలో పిసినారి వేషమేసిన కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడగట్టి దాన్ని చూసుకుంటా ఒట్టి అన్నం తినే సీను ఉంది కదా, ఆ సీను వస్తానే ఇల్లంతా నిశ్శబ్దం. నవ్వొస్తాంటాది, నవ్వితే తాతని అన్నట్టు ఉంటాది, పిలకాయలం అందరం చెయ్యి నోటికడ్డం పెట్టుకుని తాత మొగం చూసేవాళ్లం. ఆయనేమో కండ్లార్పకుండా చూసి ఒకసారి అనె, "వీడు తెలివైనోడురా, కోడి మిగిలె కదా" అని. మా నాయన ఆ పొద్దు గోడవైపు తిరిగి నవ్వినాడు. తాత పోయి చానా ఏండ్లాయె. 2025 జూలైలో కోటగారు పోయినప్పుడు ఆ రాత్రి ఆ ఒక్క సీను పెట్టుకుని చూస్తి. నాకు అప్పుడూ నవ్వే వచ్చె. ఆ సీను మటుకు ఎప్పుడు చూసినా పక్కకి తిరిగి తాత కుర్చీ ఉండే చోటు చూస్తా.

మెట్లమీద:
రివర్స్‌లో ఒక మాట చెప్పొచ్చా. నాకు చాలా ఇష్టమైన సినిమా సాగర సంగమం, కానీ అది నేను మొత్తంగా చూసింది రెండుసార్లే. విశ్వనాథ్ గారి సినిమాలు అన్నీ నాకు అంతే, తలుచుకుంటాను కానీ పెట్టుకోలేను. మా అమ్మది ఇంకా విచిత్రం. 1983 లో పెళ్లైన కొత్తలో నాన్నతో చూసిందట. టీవీలో వస్తే మొదట్నుంచీ కూర్చుంటుంది, కమల్ తాగేసి వానలో బావి గట్టు మీద డాన్స్ చేస్తాడు కదా, జయప్రద నుదుటి బొట్టు వానకి కరిగిపోతుందని అరచెయ్యి అడ్డం పెడతాడు, సరిగ్గా అక్కడ లేచి టీవీ కట్టేసి స్టవ్ మీద పాలు ఉన్నాయంటుంది. పాలూ ఉండవు ఏమీ ఉండవు. నాన్న పోయాకే మొదలైంది ఇది. ఎన్నిసార్లు చూసిందో అన్నిసార్లూ సగమే చూసింది.

శంకరాభరణం విడుదలైంది 1980 ఫిబ్రవరి 2, విశ్వనాథ్ గారు పోయింది 2023 ఫిబ్రవరి 2. ఆ రోజు మా అమ్మ ఏ సినిమా పెట్టలేదు, రేడియో పెట్టుకుంది.

ఓరుగల్లు_పోరడు:
ఇంకోటి మరిచిన. మీరందరు హిట్ సినిమాలే జెప్తున్నరు గని, థియేటర్ల సరిగ ఆడని సినిమాలు టీవీల మస్తు జూసుడు గూడ ఉన్నది కదా. ఖలేజా, ఆరెంజ్, రెండు 2010ల వచ్చి పోయినయ్. అప్పుడు తిట్టినోళ్లే టీవీల పట్టుకున్నరు, ఆరెంజ్ 2023ల, ఖలేజా 2025ల మళ్ల థియేటర్లకు వస్తే పోయి గోల గోల చేసిన్రు. నా దోస్తు గాడు ఖలేజా మొదటి వారం జూసి పైసలు దండుగ అన్నోడు, మొన్న రీరిలీజ్‌కు షర్టు చింపుకున్నడు. మొదటిసారి కథ కోసం జూస్తం కదా, కథ మనం అనుకున్నట్టు పోకుంటె కోపమొస్తది. పదోసారికి కథతోటి పనుండది, మాటలు వినుడే.

కొత్తదే_చూస్తా:
సరే నేనూ ఒప్పుకుంటా. క్షణ క్షణం. శ్రీదేవి. ఎన్నిసార్లో అడగొద్దు.

డల్లాస్_అమ్మాజీ:
అదీ అలా రండి దారికి! ఇంతకీ ఈ ప్రశ్న వేసిన ఆయన మాత్రం ఏ సీను దగ్గర కూర్చుంటారో చెప్పకుండా తప్పించుకున్నారు చూశారా.

సోఫా_చివర:
తప్పించుకోలేదండీ, చెప్తా. వెంకటేష్ ఊరి నుంచి వచ్చి ఆ పెద్దింట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునే సీను, తినేముందు ప్రార్థన చెయ్యమంటారు చూడండి, అది. అందరూ కామెడీ కోసం చూస్తారు.

నేను 2002 లో ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్ వచ్చి మా నాన్న స్నేహితుడింట్లో నాలుగు నెలలు ఉన్నా, దిల్‌సుఖ్‌నగర్లో. మా ఇంట్లో కింద పీట వేసుకుని తినేవాళ్లం, అక్కడ డైనింగ్ టేబుల్. మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు, గిన్నె మూత తీస్తే చప్పుడవుతుందేమోనని తీసేవాణ్ణి కాదు. వాళ్లు చాలా మంచివాళ్లు, ఆంటీ ఇంకొంచెం వేసుకో బాబూ అని ఎన్నిసార్లు అనేదో, నేను చాలండీ అనేసి లేచి, రాత్రి పదిన్నరకి ఫోన్ చేసొస్తానని కిందకి వెళ్లి కిరాణా కొట్లో బన్ను కొనుక్కుని అక్కడే మెట్ల మీద తినేవాణ్ణి. అదే మనసులో పెట్టుకుని అంతకుముందే చూసిన ఆ సినిమా మళ్లీ హాల్లో చూస్తే, వాడు మొదటి పూటే టేబుల్ దగ్గర ఏమాత్రం మొహమాటం లేకుండా అందర్నీ నవ్వించేస్తున్నాడు. ఎంత కుళ్లుకున్నానో.

ఇది టైప్ చేస్తుంటే వెనకనుంచి మా ఆవిడ చదివేసింది. "పద్దెనిమిదేళ్లైంది పెళ్లై, బన్ను సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం" అంటోంది. ఈ రాత్రి రిమోట్ ఆవిడ చేతిలో ఉంది, ఏం పెడుతుందో చూడాలి.