‘కూళలకిచ్చి’: పద్యం బరువు ఏ మాట మీద ఉన్నది?

ప్రారంభ లేఖ

సభ్యులందరికీ నమస్కారం. ఎవరికైనా పురస్కారం ప్రకటించినప్పుడు, ఒక రచయిత ప్రభుత్వ సభలో వేదిక ఎక్కినప్పుడు, మరొకరు ఏదైనా సంస్థలో పదవి స్వీకరించినప్పుడు మన మధ్య తప్పకుండా తిరిగే పద్యం ఒకటున్నది. ఉగాది వెళ్లిన వారానికి అది నాకూ చేరింది. ప్రభుత్వ కవి సమ్మేళనంలో నాకు శాలువా కప్పుతున్న ఫొటో కింద చిరకాల మిత్రుడొకరు, తన మాటగా ఒక్క అక్షరమైనా చేర్చకుండా, ఆ పద్యం రెండవ పాదాన్ని మాత్రమే రాసి పంపారు. కోపం వచ్చిన మాట నిజమే. అది చల్లారిన తరువాత పద్యాన్ని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదువుకుంటే, దీనిని మనం సరిగ్గా అన్వయించుకుంటున్నామా అన్న సందేహం కలిగింది. నా మీద పడిన నింద సంగతి తరువాత. సందేహాన్ని మీ ముందుంచుతున్నాను.

బాల రసాల సాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్
గూళల కిచ్చి యప్పడుపుఁ గూడు భుజించుటకంటె సత్కవుల్
హాలికులైన నేమి? గహనాంతరసీమలఁ గందమూల కౌ
ద్దాలికులైన నేమి నిజదారసుతోదర పోషణార్థమై

ఇది భాగవతంలోని పద్యం కాదు, పోతన పేరున ప్రచారంలో ఉన్న చాటువు. ఆయనదేనా కాదా అన్న వివాదం పాతదే కనుక దానిలోకి వెళ్లను. అర్థం తెలిసినదే: లేమామిడి చిగురువంటి కావ్యకన్యను నీచులకిచ్చి ఆ పడుపు కూడు (ఒళ్లమ్ముకుని తెచ్చుకున్న తిండి) తినడంకంటె, సత్కవులు ఆలుబిడ్డల పొట్ట నింపడానికి నాగలి పట్టినా తప్పులేదు, అడవిలో దుంపలు తవ్వుకున్నా తప్పులేదు. ఇక్కడ ఒక చిన్న సవరణ అవసరం. ‘గూళ’ అనే మాట ఉన్నదనుకుని చాలామంది ‘గూళలు’ అని వాడుతున్నారు. అసలు మాట ‘కూళ’. ‘కన్యకన్’ అనే ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) ముందుండడం వల్ల సరళాదేశం వచ్చి, అంటే కకారం గకారమై, ‘గూళల’ అయింది, అంతే.

నా సందేహం ‘ఇచ్చి’ అన్న క్రియ గురించి. మన కావ్య సంప్రదాయంలో కృతి కన్య, దానిని అంకితం పుచ్చుకున్నవాడు కృతిపతి లేదా కృతిభర్త, కవి కన్యాదాత. అవతారిక (కావ్య పీఠిక) చివర, కథ మొదలయ్యే ముందు, ఆ కృతిపతి బిరుదులను, గుణగణాలను ‘కున్’, ‘కిన్’ ప్రత్యయాలతో వరుసగా చెప్పే పద్యాలు షష్ఠ్యంతాలు. మన వ్యాకరణంలో ‘కిన్, కున్’ షష్ఠి కిందికే వస్తాయి కదా. ఆ కంటితో చూస్తే ‘కూళలకు’ అన్న ఒక్క మాట, ప్రబంధాలలో పుటలకొద్దీ సాగే షష్ఠ్యంతాలన్నిటినీ వెక్కిరిస్తున్నట్లు నాకు తోచింది. బిరుదులన్నీ రాలిపోయి విభక్తి మాత్రం మిగిలింది. భాగవత ప్రారంభంలోని ‘ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి’ పద్యంలోనూ ఇదే క్రియ రెండుసార్లు వస్తుంది. మొదట అధములకు ఇవ్వడం, చివర ‘హరి కిచ్చి చెప్పె’ అనడం. (ఆ పద్యంలోని ‘కాలుచే సమ్మెట వ్రేటులం బడక’ అన్నచోట ‘కాలు’ పాదం కాదు, కాలుడు, అంటే యముడు. ఈ పొరపాటు చదువుకున్నవారి నోటనే విన్నాను గనుక ప్రస్తావించాను.)

రెండవ పాదంలోని ‘అప్పడుపు’ త్రికసంధి: ఆ పడుపు. ‘ఆ’ అన్న సర్వనామం దేనిని చూపుతున్నది? వెనుకనున్న ‘ఇచ్చి’నే. అంటే కూడు దానంతట అది పడుపు కూడు కాలేదు. ఇవ్వకూడనిదానిని ఇవ్వకూడనివారికి ఇచ్చి సంపాదించినందువల్ల అయింది. మనం వరకట్నపు కాలంలో పుట్టినవాళ్లం కావడం వల్ల, ఆడపిల్లనిచ్చి ఎదురు సొమ్ము పుచ్చుకున్న తండ్రి మన ఊహకు వెంటనే రాడు. కన్యాశుల్కం తెలిసిన కాలపు పాఠకునికి ఈ పద్యంలో మొదట కనబడేది ఆ తండ్రే అయి ఉండాలి. విచిత్రమేమిటంటే ఆ దురాచారాన్ని ఎండగట్టిన గురజాడవారి నాటకం 1897లో అచ్చయినప్పుడు విజయనగర మహారాజు ఆనంద గజపతికే అంకితమైంది. అందువల్ల నాటకంలోని పదును తగ్గిందని ఎవరూ అనలేదు, అనలేరు కూడా.

ఈ పద్యాన్ని విసిరేవారు మాత్రం పుచ్చుకున్నదానినే లెక్కపెడతారు. శాలువా, జ్ఞాపిక, నగదు, పదవి. ఆ లెక్కన నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి, 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవి అయిన దినాన కూళల పంక్తిలో కూర్చున్నట్లే అవుతుంది. ఆ తీర్పుకు నా మనస్సు ఒప్పడం లేదు. పద్యం అడుగుతున్నది పుచ్చుకున్నదాని గురించా, ఇచ్చినదాని గురించా? పెద్దలు చెప్పవలసింది.

ఒక సభ్యురాలి స్పందన

అయ్యా, ‘ఆ’ అన్న సర్వనామాన్ని మీరు పట్టుకున్న తీరు బాగున్నది. అయితే మీరు తండ్రి దగ్గరే ఆగిపోయారు, కన్య దగ్గరకు రాలేదు. కూళలకు ఇచ్చినా హరికి ఇచ్చినా ఇచ్చేవాడు తండ్రే, పుచ్చుకునేవాడు మరొకడే. చిగురువలె ఉండడం తప్ప ఆమెకు ఈ పద్యంలో పని లేదు. రాసినవారు స్త్రీ అయినప్పుడు ఈ రూపకం నిలుస్తుందా అని నేను తరగతిలో అడుగుతూ ఉంటాను. పిల్లలు ఇచ్చే జవాబులు మన వ్యాఖ్యాతల జవాబులకంటె మెరుగ్గా ఉంటాయి.

‘పడుపు’ అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పవలసి ఉన్నది. ముద్దుపళని తంజావూరులో ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన గణిక. ఈ పద్యం ప్రకారం ఆమె తినే కూడుకు పేరు ముందే పెట్టి ఉన్నది. ఆమె మాత్రం తన రాధికా సాంత్వనాన్ని రాజుకు ఇవ్వలేదు, చిన్నికృష్ణునికి అంకితమిచ్చింది. హరికిచ్చి చెప్పినది ఆమె కూడా. సంస్కర్తగా మనం గౌరవించే వీరేశలింగంవారికి ఆ కావ్యంలో ముందు కనబడింది రాసినామె వృత్తి. 1910లో బెంగళూరు నాగరత్నమ్మగారు దానిని శ్రద్ధగా పరిష్కరించి అచ్చు వేయిస్తే, 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు. రాజు కూడు తిన్న కావ్యాన్ని రాజు నిషేధించలేదు. ఎవరి కూడూ తినని కాలంలో, ముద్రణా పత్రికలూ ఉన్న కాలంలో, నీతి పేరుతో నిషేధించారు. కాబట్టి ‘పడుపు కూడు’ అన్న మాటను సాటి రచయితల మీదికి విసిరే ముందు, ఆ మాట మొదట ఎవరి మీద పడి గాయపరుస్తుందో ఆలోచించవలసిందిగా ఆ మిత్రునికి నా మాటగా చెప్పండి.

మరొక సభ్యుని స్పందన

ఆర్యా, మీ ఇద్దరి వివరణలూ చదివాను. ‘హాలికులైన నేమి’ అన్నమాటను ఎవరూ ముట్టుకోలేదు. రాజును వదిలి నాగలి పడితే కవికి స్వేచ్ఛ దొరుకుతుందని పద్యం భరోసా ఇస్తున్నది. ఆ భరోసా ఎంత నిజమో శ్రీనాథుని పేరున ఉన్న చాటువు చెబుతుంది. కనకాభిషేకం చేయించుకున్న ఆ మహాకవి చివరి దశలో బొడ్డుపల్లెలో భూమి గుత్తకు పట్టి హాలికుడైనాడు. పంటను కృష్ణ వరద కొంత కొనిపోయింది, నువ్వులూ పెసలూ పక్షులు తినిపోయాయి, ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’ అని కవి నిట్టూర్చాడు. కట్టలేనందుకు నడివీధిలో ఎదురెండలో శిక్ష. ఆ సీసంలో ‘పొగడదండ’ అన్న మాట చూడండి: చెవికి వినబడేది పొగడపూల దండ, మెడకు తగిలింది దండన. రాజులను పొగిడిన గొంతుకు ‘పొగడ’దండ వేయడంలో ఉన్న చేదు మరే భాషలోకీ మారదని నా అభిప్రాయం. ఆస్థానం వదిలినవాడిని పన్ను రూపంలో రాజ్యం వెదుక్కుంటూ పొలానికే వచ్చింది. ఇప్పటి రైతును అడిగినా ఇదే చెబుతాడు.

రెండవ విషయం. 2015లో, కన్నడ పండితులు, స్వయంగా సాహిత్య అకాడమీ పురస్కార గ్రహీత అయిన ఎం.ఎం. కల్బుర్గి హత్య తరువాత, పలు భాషల రచయితలు తమ పురస్కారాలను తిరిగి ఇచ్చారు. ఇచ్చుట, పుచ్చుకొనుట అన్న రెండు క్రియలతో నడుస్తున్న మీ తర్కంలో ఈ ‘తిరిగి ఇచ్చుట’కు చోటెక్కడ?

చివరగా ఒక పాఠభేదం. మీరు ‘కౌద్దాలికులు’ అని రాశారు. నేను చిన్ననాటి నుంచి ‘గౌద్దాలికులు’ అనే విన్నాను, ‘ఉద్దాలికులు’ అనేవారూ ఉన్నారు. ఏది సాధువు?

ప్రారంభకుని జవాబు

అమ్మా, మీరు చెప్పిన తరువాత ‘పడుపు’ అన్న మాటను నేను ఇదివరకటివలె పలకలేకపోతున్నాను. రూపకం గురించిన మీ ఆక్షేపణకు నా దగ్గర జవాబు లేదు. అది పద్యంలో ఉన్న లోపమే, నా అన్వయం దానిని కప్పిపుచ్చలేదు.

ఆర్యా, మీ చివరి ప్రశ్న సులువైనది కనుక ముందు దానికి. కుద్దాలం అంటే గుద్దలి. దానితో తవ్వి బతికేవాడు కౌద్దాలికుడు. అందువల్ల ‘ఉద్దాలికులు’ అంటే అర్థం కుదరదు. ‘సీమలన్’ తరువాత ‘కందమూల’ లోని కకారం ద్రుతం వల్ల గకారమైంది, ‘సీమలఁ గందమూల’. ‘కందమూల’ తరువాత ద్రుతమూ లేదు, గసడదవాదేశం (క చ ట త ప లు గ స డ ద వ లు కావడం) రావడానికి అది ప్రథమాంతమైన తెలుగు పదమూ కాదు. సంస్కృత సమాసం మధ్యలో ఆ మార్పుకు వీలు లేదు. కనుక ‘కౌద్దాలికులు’ సాధువని నా అభిప్రాయం. ఆ అక్షరం యతిస్థానంలోనో ప్రాసస్థానంలోనో లేకపోవడం వల్ల ఛందస్సు ఎటూ తీర్పు చెప్పదు, అందుకే రెండూ చలామణి అవుతున్నాయి. బహుశా ‘గుద్దలి’ అన్న తెలుగు మాట చెవిలో ఉండడం వల్ల గకారం నోటికి దగ్గరయి ఉంటుంది. తప్పే అయినా ముచ్చటైన తప్పు.

శ్రీనాథుని ప్రస్తావన నన్ను ఇరుకున పెట్టింది. ‘నిజదారసుతోదర పోషణార్థమై’ అన్న చివరి సమాసాన్ని పక్కనే ఉన్న హాలికులతో, కౌద్దాలికులతో అన్వయిస్తాము. దూరాన్వయం చేసి ‘భుజించుట’తోనూ కలపవచ్చు. అటు ఆస్థానానికి వెళ్లినవాడూ, ఇటు పొలానికి వెళ్లినవాడూ ఒకే ఆకలి కోసం వెళ్లారన్నమాట. ఆకలిని పద్యం తప్పు పట్టలేదు. నాగలి పడితే రాజు వదిలిపెడతాడని కూడా అది చెప్పలేదనుకుంటాను. నాగలి పట్టినవాడి దగ్గర రాజు టంకాలు అడుగుతాడు గాని కావ్యం అడగడు. శ్రీనాథుడు ఏడునూర్ల టంకాలు బాకీ పడ్డాడు, పొగడదండ మోశాడు. ఆ సీసం మాత్రం ఎవరికీ అంకితం కాలేదు. ఆయన రాసిన వాటిలో అతి స్వేచ్ఛగా ఉన్నది అదేనని నేనంటే కావ్యాభిమానులకు కోపం రావచ్చు.

2015 సంగతి వేరు. పురస్కారం కృతిభర్త ఇచ్చిన శుల్కం వంటిది కాదు, దానికోసం ఆ రచయితలు ఎవరికీ కావ్యాన్ని అంకితం చేయలేదు. కాబట్టి వారు తిరిగి ఇచ్చింది తప్పు ఒప్పుకొని కాదు. తమవాడు హతుడైతే మాట్లాడవలసిన సంస్థ మాట్లాడలేదన్న నిరసనతో. పుచ్చుకున్నదానిని అలా తిరిగి ఇవ్వడానికి వీలున్నది. కన్యను ఇచ్చినవాడికి మాత్రం ఆ వీలు లేదు.

ఇక నా సంగతి. మొదటి లేఖలో దాటవేశాను, ఇప్పుడు చెప్పడం న్యాయం. ఆ సమ్మేళనానికి నేను పంపిన పద్యం మా ఊరి చెరువు గురించినది. అందులో రెండు పాదాలు చెరువు శిఖం భూమిలో (నీరు నిలిచే నేలలో) లేచిన ప్రహరీ గోడల గురించి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం నిర్వాహకులలో ఒకరు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, పండుగపూట వివాదమెందుకండీ, ఆ రెండు పాదాలు లేకపోయినా పద్యం నిండుగానే ఉన్నదండీ అన్నారు. నిండుగానే ఉన్నదని నేను కూడా అనుకున్నాను. అనుకోవడానికి పట్టిన సమయం అయిదు నిమిషాలకు మించదు. మరునాడు ఆ పాదాలు లేకుండానే చదివాను, చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు.

మిత్రుడు తప్పు పట్టింది శాలువాను. అది ఫొటోలో అందరికీ కనబడుతున్నది గనుక దాని గురించి ఎంతసేపైనా వాదించగలను, దాశరథిని సాక్ష్యంగా పిలవగలను, సరళాదేశం గురించి ఉపన్యసించగలను. ఆ రెండు పాదాలు ఫొటోలో లేవు, మిత్రునికి తెలియవు, సభలో ఎవరికీ తెలియవు. ‘కూళలకిచ్చి’ అన్నచోట నాకు ఎదురైనవి అవే. ఫోన్ చేసినాయన కూళ కాదు, ఉద్యోగం చేసుకుంటున్న మంచి మనిషి. బెదిరించలేదు, ఆశ చూపలేదు. అడిగాడు, ఇచ్చాను.

సమ్మేళనంలో చదివిన పద్యాలను సంకలనంగా అచ్చు వేస్తున్నామని, ప్రతి పంపమని పోయిన వారం ఉత్తరం వచ్చింది. రెండు పాదాలనూ చేర్చి, మార్చడానికి వీలులేదని కింద ఒక వాక్యం రాసి పంపాను. ప్రూఫులు ఇంకా రాలేదు.