పెళ్ళి ఫొటోలు రాలో తీయాలా, జేపెగ్ సరిపోతుందా?

తెనాలి స్టూడియో:

నెల రోజులుగా మా స్టూడియోలో నాకూ మా బాబాయికీ ఇదే వాదన. జేపెగ్ అంటే కెమెరాయే రంగులు తేల్చి, కుదించి ఇచ్చే ఫొటో. రా అంటే సెన్సార్ కొలిచిన వెలుగుని అలాగే ఉంచే ఫైల్, రంగులు తర్వాత కంప్యూటర్లో మనం తేల్చుకోవాలి. ఆయన ఫిల్మ్ రోజుల నుంచి పెళ్ళిళ్ళు తీస్తున్నారు. రీలుకి 36 ఫొటోలు వచ్చే కాలంలోనే లైటు చూసుకుని కరెక్టుగా తీశాం, ఇప్పుడు జేపెగ్ ఫైన్ (ఎక్కువ నాణ్యత) సెట్టింగ్‌లో జాగ్రత్తగా తీస్తే రా ఎందుకురా అంటారు. నేను మొత్తం రాలోనే తీద్దామంటున్నాను.

ఆయన మాట కొట్టిపారేయలేను, ఎందుకంటే లెక్క ఆయన వైపే ఉంది. ఒక పెళ్ళికి ఇద్దరం కలిసి 4000 ఫొటోల దాకా తీస్తాం. మా 24 మెగాపిక్సెల్ కెమెరాల్లో జేపెగ్ ఒక్కోటి 10 ఎంబీ, రా 28 ఎంబీ వస్తోంది. అంటే 40 జీబీ అయ్యేది 112 జీబీ అవుతుంది. మాఘంలో 15 పెళ్ళిళ్ళు పడితే 1.7 టీబీ, రెండు కాపీలు దాచాలంటే దాదాపు 3.4 టీబీ. పైగా ఆల్బమ్ డిజైనర్‌కి ఎలాగూ జేపెగ్‌లే పంపాలి. పెళ్ళివారు చూసేది వాట్సాప్‌లో, ఆ తర్వాత కరిజ్మా ఆల్బమ్ షీట్ల మీద. ఇంత చేసి రా వల్ల నిజంగా తేడా వస్తుందా? పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

ముహూర్తం షాట్:

తమ్ముడూ, నేను రా వైపు. ఎందుకో ఒక్క ఫొటోతో చెప్తాను.

రెండేళ్ళ కిందట తెల్లవారుజాము మూడింటికి ముహూర్తం. పెళ్ళికూతురిది కుంకుమ ఎరుపు పట్టుచీర, మీద చిన్న చిన్న జరీ బుట్టాలు. పక్కన వీడియో వాళ్ళ ఎల్‌ఈడీ లైటు, పైన మండపం డెకరేషన్ బల్బులు. కెమెరా వెనక హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటిని ఎడమన, వెలుగుని కుడిన చూపే గ్రాఫ్) చూశాను, కుడి అంచుకి తగల్లేదు. ధైర్యంగా తీసుకుంటూ పోయాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో జేపెగ్ తెరిస్తే, బుట్టాలు తప్ప మిగతా చీరంతా ఒకే ఎర్రటి ముద్ద. నేత లేదు, భుజం మీద కుచ్చిళ్ళు లేవు. చూస్తే ఎరుపు ఛానెల్ (ఫొటోలో ఎరుపు పాలు) జేపెగ్‌లో పట్టే గరిష్ఠం 255 దగ్గర ఆగిపోయి ఉంది. ఆ రోజు అదృష్టం కొద్దీ రా ప్లస్ జేపెగ్ పెట్టాను. అదే ఫ్రేము రా ఫైల్ తెరిచి శాచురేషన్, హైలైట్స్ కొంచెం దించగానే మడత మడతా కనబడింది.

దీనికి కారణం తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఎక్కువ కెమెరాల్లో సెన్సార్ మీద ఒక్కో గడికి ఒక్కటే రంగు ఫిల్టర్ ఉంటుంది. నాలుగు గడులకి రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ అమరిక ఇది, పేటెంట్ 1976లో వచ్చింది. రా ఫైల్లో ఉండేది ఆ గడుల కొలతలే. కెమెరా దాన్ని జేపెగ్ చేసేటప్పుడు ముందు వైట్ బ్యాలెన్స్ (ఏ లైటులోనైనా తెలుపు తెల్లగా కనబడేలా సరిచేయడం) కోసం ఎరుపునీ నీలాన్నీ హెచ్చిస్తుంది, తర్వాత పిక్చర్ స్టైల్ పేరుతో కాంట్రాస్ట్, శాచురేషన్ పెంచుతుంది, చివరికి ఎస్‌ఆర్‌జీబీ అనే చిన్న రంగుల పరిధిలో ఇరికిస్తుంది. సెన్సార్ దగ్గర నిండని ఎరుపు ఈ దారిలో నిండిపోతుంది. నేను చూసిన మామూలు హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చకి బరువు ఎక్కువ కాబట్టి ఎరుపు నిండిపోయిన సంగతి అందులో తెలియదు.

మన పెళ్ళిళ్ళలో ఎరుపు, పసుపు, తెల్ల పట్టుపంచె, బంగారం, నాలుగూ ఒకే ఫ్రేములో ఉంటాయి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్ళీ రాదు. 8 బిట్ జేపెగ్‌లో ఛానెల్‌కి 256 మెట్లు, 14 బిట్ రాలో 16,384. అక్కడ 72 జీబీ ఎక్కువైందని నేను వెనకాడను.

జిల్లా స్ట్రింగర్:

అన్నా, చీర సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ 256, 16,384 లెక్క పక్కపక్కన పెట్టి చెప్పడం సరికాదు. రా లీనియర్, అంటే వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుంది. పైనుండే ఒక్క స్టాప్ (వెలుగు రెట్టింపు లేదా సగం అయ్యే తేడా) వెలుగే 16,384లో సగం, అంటే 8192 మెట్లు, తినేస్తుంది. దాని కింది స్టాప్‌కి 4096, ఆ కిందికి 2048. చీకట్లోకి వెళ్ళేకొద్దీ సగమవుతూ పోతాయి. జేపెగ్ మాత్రం గామా కర్వ్ అనే వంపుతో ఆ అంకెల్ని మళ్ళీ సర్ది, మన కంటికి తేడా తెలిసే చోట ఎక్కువ మెట్లు ఉంచుతుంది. అందుకే బాగా తీసిన జేపెగ్ ప్రింట్‌లో అంత బాగా నిలబడుతుంది. 1992 నాటి స్టాండర్డ్ ఇప్పటికీ నడుస్తోందంటే ఊరికే కాదు.

పేపర్‌కి ఫొటోలు పంపే నేను జేపెగ్ వాణ్ణి, బద్ధకంతో కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నా ఫోన్‌కి ఒక గీత సిగ్నల్ ఉంది. కెమెరాలోంచి ఫోన్‌లోకి లాగి, చిన్న సైజు జేపెగ్ 2 ఎంబీ చేసి పంపితేనే డెస్క్‌కి చేరింది. రా తెరిచి కూర్చుంటే ఆ రోజు పేపర్లో ఫొటో ఉండేది కాదు.

ఇంకోటి ఉంది. 2015 నవంబరులో రాయిటర్స్ వార్తా సంస్థ తన ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్లకి రా నుంచి తయారుచేసిన ఫొటోలు పంపొద్దని, కెమెరాలోనే జేపెగ్‌గా తీసినవి పంపమని చెప్పింది. వేగం ఒక కారణం, నిజం ఇంకో కారణం. మబ్బుల్ని నల్లగా లాగి, వరదని ఇంకా భయంకరంగా చూపించే అవకాశం తగ్గాలని. నాకు అది సబబుగా అనిపించింది. తీసేటప్పుడే తేల్చుకోవాల్సి వస్తే చెయ్యి కుదురుగా ఉంటుంది. తమ్ముడి బాబాయి గారు చెప్పేదీ అదే కదా.

ముహూర్తం షాట్:

మెట్ల లెక్క విషయంలో మీరు చెప్పింది కరెక్ట్, నేను ముతగ్గా చెప్పాను. వరద ఫొటో దగ్గర కూడా వాదన లేదు, అక్కడ జేపెగ్గే.

నిజం మాట దగ్గర మాత్రం ఒప్పుకోను. వరల్డ్ ప్రెస్ ఫొటో అనే వార్తా ఫొటోల పోటీ వాళ్ళు చివరి రౌండ్లకి వచ్చినవాళ్ళని అసలు ఫైళ్ళు అడుగుతారు. 2015 పోటీలో చివరి ముందు రౌండ్ దాకా వచ్చినవాటిలో 20 శాతం తీసేశారు, అసలు ఫైల్‌తో పోల్చితే మార్పులు బయటపడ్డాయి. జేపెగ్‌ని ఎవరైనా మార్చి మళ్ళీ జేపెగ్‌గా సేవ్ చేయొచ్చు. రా ఫైల్ నెగెటివ్ లాంటిది, లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంత గెలికినా కింద కొలతలు అలాగే ఉంటాయి. సాక్ష్యం కావాలంటే అది దగ్గరుండాలి.

కొల్లేటి ఒడ్డు:

నేను పెళ్ళిళ్ళు తీయను, కొల్లేరు దగ్గర ఆటపాకలో పిట్టల్ని తీస్తాను. బూడిద రంగు నీళ్ళ మీద తెల్లటి పెలికాన్ అంటే పట్టుపంచె సమస్యే, ఈకల గీతలు పోతాయి. అందుకే రా. కానీ రాతో నాకు దెబ్బ తగిలింది కూడా. పిట్ట లేస్తోందని బటన్ నొక్కి పట్టుకుంటే రెండు సెకన్లలో బఫర్ (కార్డులోకి వెళ్ళేలోపు ఫొటోలు ఆగే కెమెరా లోపలి మెమరీ) నిండి కెమెరా ఆగిపోయింది. రెక్కలు పూర్తిగా విప్పిన ఫ్రేము లేదు. పాత బాడీలు వాడేవాళ్ళు తలంబ్రాల దగ్గర ఇది చూసుకోండి. లాస్‌లెస్ కంప్రెస్డ్ రా ఉంటే పెట్టండి, నాణ్యత పోదు, ఫైల్ తగ్గుతుంది.

ఆల్బమ్ డిజైన్ చేసేదాన్ని:

మీరందరూ తీసే వైపు నుంచి మాట్లాడుతున్నారు. ఆ ఫైళ్ళు చివరికి నా దగ్గరికొస్తాయి, అందుకని రాస్తున్నాను.

నాకు జేపెగ్‌లతో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఎక్స్‌పోజర్ కాదు, ఆటో వైట్ బ్యాలెన్స్. మొన్న ఒక పెళ్ళికూతుర్ని చేసే ఫొటోలు వచ్చాయి. దూరం నుంచి తీసినప్పుడు గోడ, జనం ఉన్నారు, రంగు బాగానే ఉంది. దగ్గరికొచ్చి పసుపు రాసిన ముఖం ఒక్కటే ఫ్రేము నిండా తీసేసరికి, కెమెరా ఆ పసుపంతా లైటు దోషమనుకుని నీలం కలిపేసింది. పసుపు పాలిపోయి మట్టి రంగుకి వచ్చింది. ఆ వరసలో 60 ఫొటోలు, 60 రకాల చర్మం. షీట్ మీద నాలుగు పక్కపక్కన పెడితే నలుగురు అమ్మాయిల్లా ఉన్నారు. రాలో వైట్ బ్యాలెన్స్ అంటే ఒక సూచన మాత్రమే, ఒకదానికి సరిచేసి మిగతా 59కి ఒకేసారి అంటించొచ్చు. జేపెగ్‌లో ఒక్కోదాన్నీ పట్టుకుని లాగాలి. ఎక్కువ లాగితే వెనక మసకగా ఉండే గోడ మీద చారలు వస్తాయి, జేపెగ్ 8 బై 8 పిక్సెళ్ళ గడులుగా కుదిస్తుంది కాబట్టి ఆ చతురస్రాలు కూడా తేలతాయి. పెద్ద షీట్ మీద అవి స్పష్టంగా కనిపిస్తాయి.

అలాగని రాలో తీశాం అని చెప్పి, ఏదో ప్రీసెట్ (రెడీమేడ్ రంగుల సెట్టింగ్) వేసి నారింజ రంగు ముఖాలతో జేపెగ్‌లు పంపేవాళ్ళూ ఉన్నారు. వాటికంటే వైట్ బ్యాలెన్స్ కెల్విన్ 4500 అని చేత్తో పెట్టుకుని తీసిన మీ బాబాయి గారి జేపెగ్ నాకు వందరెట్లు నయం. ఆయన లైటు మారినప్పుడల్లా మారుస్తారా? మారిస్తే ఆయనతో నాకు పేచీ లేదు.

తెనాలి స్టూడియో:

మారుస్తారండీ. మండపంలోకి అడుగుపెట్టగానే తెల్ల కాగితం తీసి కొలుచుకుంటారు. మీ పోస్టు చదివి వినిపిస్తే, పసుపు దగ్గర ఆటో మోసం చేస్తుందని నేను నీకు చెప్పలేదూ అన్నారు. ఎరుపు చీర సంగతికి మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత హార్డ్ డిస్క్ తెచ్చి మా చెల్లి పెళ్ళి ఫొటోలు తెరిచారు. చీర ముద్దగానే ఉంది. ఆ రోజు తీసింది ఆయనే.

ఎల్లుండి పెళ్ళికి ఇలా అనుకున్నాం. మండపం ముందు నేను, లాస్‌లెస్ రా ఒక కార్డులో, జేపెగ్ ఇంకో కార్డులో. భోజనాలు, బంధువుల గ్రూపులు, రిసెప్షన్ లైన్ బాబాయి, జేపెగ్‌లో. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ రెండు కెమెరాల్లోనూ ఆన్ చేశాను. ఒక్క డౌటు మిగిలింది. ఆల్బమ్ ఇచ్చేశాక రా ఫైళ్ళు ఎంతకాలం ఉంచాలి?

ముహూర్తం షాట్:

ఆర్‌జీబీ పెట్టినా ఒకటి గుర్తుంచుకో. నువ్వు రాలో తీసినా కెమెరా చూపించే హిస్టోగ్రామ్ లోపలి జేపెగ్‌దే. అందుకని పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో పెట్టు, అప్పుడు ఎరుపు గురించి కొంచెం నిజం చెప్తుంది.

ఉంచడం అంటే, పెళ్ళివారు సెలెక్ట్ చేసినవి, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు, ఈ రాలు నేను తీసేయను. 400 ఉంటాయి, 11 జీబీ. మిగతావాటికి పూర్తి సైజు జేపెగ్ ఉంచి, ఆల్బమ్ చేతికిచ్చిన ఆరు నెలలకి రా తీసేస్తాను. తీసేసే ముందు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. పోయినసారి ఒకాయన ఆగమన్నారు. వాళ్ళ నాన్నగారు పెళ్ళయిన మూడు నెలలకి పోయారట, గ్రూపు ఫొటోలో వెనక వరసలో నీడలో ఉన్నారు. ఆ ముఖం ఒక్కటి వెలుగులోకి తెచ్చి పెద్దది చేసివ్వమన్నారు. రా ఉంది కాబట్టి చేసిచ్చాను.

తెనాలి స్టూడియో:

అయితే గ్రూపులు కూడా రాలోనే తీయమని బాబాయికి చెప్తాను.