డాష్‌బోర్డు ఉన్నా దుకాణాల మేనేజర్లు వాడటం లేదు: ముందుగా ఏది మార్చాలి?

కోస్తా జిల్లాల్లో మందుల దుకాణాలు నడిపే ఒక సంస్థలో నేను డేటా విభాగం చూస్తున్నాను. అన్ని దుకాణాల బిల్లింగ్ వివరాలు రాత్రి 11 గంటల తర్వాత బిగ్‌క్వెరీకి (గూగుల్ క్లౌడ్‌లోని డేటా నిల్వకు) చేరతాయి. ఏ మందు ఎంత తెప్పించాలో, ఏ బ్యాచ్ గడువు 90 రోజుల్లో ముగుస్తుందో ఉదయం 7 గంటలకల్లా పవర్ బీఐ డాష్‌బోర్డులో (అంకెలను పట్టికలు, గ్రాఫులుగా చూపే తెరలో) కనిపిస్తుంది. అయినా మేనేజర్లు తమ పుస్తకంలో రాసుకున్న అంచనాతోనే ఇండెంట్ (సరుకు కోసం ఆర్డరు) పెడుతున్నారు.

తెలుగులో శిక్షణ ఇచ్చాం, పేజీలన్నీ తగ్గించి ఫోన్‌లో ఒకే తెరకు కుదించాం, రోజూ లాగిన్ కావాలని నియమం పెట్టాం. ఇప్పుడు తెరిచి, నిమిషంలోపే మూసేస్తున్నట్టు వాడకపు నివేదిక చెబుతోంది.

లోపం నైపుణ్యంలోనే ఉందని నేను అనుకోవడం లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నిండుకున్న రోజుల్లో అమ్మకం సున్నాగా నమోదవుతుంది కాబట్టి, గిరాకీయే లేదనుకుని సిస్టమ్ తక్కువ సూచిస్తోందని ఒక మేనేజర్ చాలాకాలం క్రితమే గమనించారు. కానీ సోమవారం సమీక్షలో ప్రధాన కార్యాలయం ఇచ్చిన అంకెను తాను ప్రశ్నిస్తే సాకు చెబుతున్నట్టు లెక్కగడతారని ఆయన నోరు విప్పలేదు. ఆ లెక్కను సరిచేశాం గానీ, సమీక్ష తీరు అలాగే ఉంది. నిజానికి నన్ను ఎక్కువగా బాధిస్తున్నది అదే.

క్షేత్రస్థాయి సిబ్బంది డేటాలోని తప్పును భయం లేకుండా ఎత్తిచూపే పద్ధతిని మీ సంస్థలో సాధించి ఉంటే, అందుకు సమీక్షా సమావేశంలో మీరు మొట్టమొదట చేసిన మార్పు ఏమిటి?